ఫర్మానాతో వచ్చిన ప్రజారాజ్యము

వలసరాజ్యము స్వతంత్రమగుట యనగా నొక జెండా దిగి వేఱొకటి యెక్కుటయే యని పలువురు తలంతురు. నారాయణఖేడు చరిత్ర జూచినచో నది యంత సులభముగా దోపదు. 1947 ఆగస్టు 15వ తేదీన ఢిల్లీలో నధికారము చేతులు మాఱెను. ఖేడువాసులు మాత్ర మానాడును నిజాము ప్రజలే. బ్రిటిషు పార్లమెంటు సంస్థానములపై తనకుగల యాధిపత్యమును వదలుకొన్నదే కాని దానిని ప్రజల కప్పగింపలేదు. ఆ సందు చూచుకొనియే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వతంత్ర ప్రభువుగా నిలువదలచెను.

ఇచటి జనులు నిద్రించుచుండి రనరాదు. ఈ ప్రాంతమునకు చేరువనున్న జోగిపేటలో 1930 మార్చిలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమ నిజామరాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు గూడెను. సభ జరుపుకొనుటకే సర్కారు సెలవు గావలసిన దినము లవి. నాడు వారు రాజ్యాధికార మడుగలేదు. విద్య, గ్రంథాలయములు, సంఘసంస్కారము కోరిరి. అయినను, సర్కారు నెదుట గూర్చుండి తమ కోరికలను తీర్మానములుగా వ్రాసికొను నలవాటు పౌరత్వమునకు తొలిమెట్టు కాదా?

1947 నవంబరు 29న యథాతథపు టొడంబడిక కుదిరెను. రజాకార్ల దౌర్జన్యములు పెరిగెను. 1948 సెప్టెంబరు 13న భారతసేన ప్రవేశింపగా 17న నిజాము లొంగెను. మన గ్రంథములు సాధారణముగా నిచట జయఘోషతో నధ్యాయము ముగించును. అది సత్యములో సగము మాత్రమే. భారత ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము, ఆ దినములలోను తరువాతను 27 వేలనుండి 40 వేలవఱకు జనులు మడిసిరని యంచనా వేసెను. వారిలో నత్యధికులు ముస్లిములు. మిక్కిలి నష్టపడిన నాలుగు జిల్లాలలో బీదరు ఒకటి. నారాయణఖేడు తాలూకా అప్పుడు బీదరు జిల్లాలోనిదే. ఆ నివేదిక దశాబ్దములు వెలుగు చూడలేదు. స్వాతంత్ర్యము వచ్చినదని సంతసించువారు ఈ లెక్కను గూడ చదువవలయును.

ఇక రాజ్యాంగపు మాట. ఢిల్లీలోని రాజ్యాంగసభలో హైదరాబాదు ప్రజలెన్నుకొన్న సభ్యు డొక్కడును లేడు. 1949 నవంబరు 23న నిజామే ఫర్మానా వెలువరించి భారత రాజ్యాంగమును తన సంస్థానమున కంగీకరించెను. ప్రజలే ప్రభువులని చాటు శాసనము ప్రభువు నాజ్ఞతో వచ్చుట యెంత చిత్రము! 1950 జనవరి 26న నాతడే రాజప్రముఖు డాయెను. ముఖ్యమంత్రిగా నియమింపబడిన వెల్లోడి యుద్యోగియే కాని యెన్నికైనవాడు కాడు.

అసలు మార్పు 1952 ఎన్నికలతో వచ్చినది. ఇరువదియొక్క యేండ్లు నిండిన స్త్రీపురుషులెల్లరకు ఓటు కలిగెను. చదువురాని వారికై యొక్కొక్క యభ్యర్థికి గుర్తుతోకూడిన వేఱువేఱు పెట్టెలుంచిరి. ఆ మార్చి 6న బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యైరి. రాజప్రముఖ పదవి 1956 నవంబరు 1వఱకు మిగిలెను. అది తొలగిన దినముననే నారాయణఖేడు బీదరును వీడి మెదకు జిల్లాలో చేరెను.