కొలిచింది ఎవరి చెయ్యి? (6వ భాగం)

కిందటి భాగం చదివి ఒక చెల్లె అడిగింది: "అన్నా, బారలు, మూరలు అని ఉంటే మీటర్లలోకి ఎట్ల మార్చాలె?"

లెక్క తేలికే. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు, మూడించులు. మూడు బెత్తెలు జానెడు. రెండు జానలు మూర: 18 ఇంచులు, 45.72 సెంటీమీటర్లు. నాలుగు మూరలు బార, అంటే రెండు చేతులు చాపినంత: ఆరడుగులు, 1.83 మీటర్లు. మూరకు 24 అంగుళాలు. ఈ అంగుళం వేలి వెడల్పు, ముప్పావు ఇంచు. ఇప్పుడు మనం ఇంచునే అంగుళం అంటున్నం కాబట్టి ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తరు.

అసలు ప్రశ్న వేరే ఉంది. వేలు ఎవరిది? కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో దీనికి జవాబుంది: మధ్యరకం మనిషి నడిమివేలి నడిమి భాగం. బాగానే ఉంది. నాలుగు మూరలు, 96 అంగుళాలు, ఒక దండం అన్నడు. మన బారే అది. ఇంకొంచెం కిందికి చదవండి. బ్రాహ్మణులకు దానమిచ్చే భూమిని కొలిచే దండం 192 అంగుళాలు! పేరు అదే, పొడవు రెండింతలు.

పొడవు రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు. పది దండాల పొడవు, పది దండాల వెడల్పు అనుకోండి. మామూలు దండంతో 3,600 చదరపు అడుగులు, మన లెక్కల మూడు గుంటల పైన. దానం దండంతో 14,400 అడుగులు, పదమూడు గుంటల పైన. రాతలో రెండూ "పది దండాలే". మార్చేటప్పుడు ఏ దండమో చూడకుంటే చరిత్రే తప్పుతది.

ఇక మట్టి పని. మా ముప్కాల్ మాదిగవాడలో పెద్దమనుషులు ఇప్పటికీ గుంత లోతు మూరల్లోనే చెప్తరు. బార పొడవు, బార వెడల్పు, మూర లోతు తవ్వితే 54 ఘనపు అడుగులు, 1.53 ఘనపు మీటర్లు. కొలిచేటోని మూర ఒక్క ఇంచు ఎక్కువ, 19 ఇంచులు ఉందనుకోండి. అదే గుంత 63 అడుగులు దాటుతది. పొడుగు చేతులోన్ని పిలిచి కొలిపిస్తే చాలు, అదే కూలికి దాదాపు ఆరో వంతు మట్టి ఎక్కువ ఎత్తాలె. 16 ఇంచుల మూర ఉన్న ఆడమనిషి చేత్తో కొలిస్తే 38 అడుగులే. ఆమె చేత్తో ఎవరు కొలిచిన్రు?

అందుకే 1956 తూనికలు కొలతల చట్టాన్ని నేను చిన్నగ చూడను. టేపుకు కులం లేదు, పట్టుకునేటోనికి ఉండొచ్చు. ఉపాధి హామీల కూలి కొలతను బట్టే వస్తది. గుంత కొలిచేటప్పుడు టేపు రెండో కొస మీరు పట్టుకోండి, అంకె మీరే చదవండి, రాసుకోండి.

గుంట మాత్రం ఒంటి కొలత కాదు. 33 అడుగుల చదరం, 121 గజాలు, నలభైకి ఎకరం. అది సర్వే గొలుసు తెచ్చిన లెక్క. నిజాం రాజ్యంల ఆ గొలుసు కథ వచ్చే భాగంలో.