గోడ లోపల డ్రైనేజీ పైపు లీకవుతోందా? ఇలా పట్టుకోండి, ఇలా బాగుచేయించండి

బాత్రూమ్ వెనక గోడ చెమ్మగిల్లి పెయింట్ పెచ్చులుగా ఊడుతుంటే చాలామంది పుట్టీ పెట్టి రంగేయించి ఊరుకుంటారు. కొన్నాళ్లకే మచ్చ మళ్లీ తేలుతుంది. లోపల కారుతున్నది మురుగునీరైతే గోడ ఒక్కటే కాదు, పక్కన సంప్ ఉంటే తాగే నీళ్లూ పాడయ్యే ప్రమాదం ఉంది.

ముందు ఏ పైపో తేల్చుకోండి

మోటార్ ఆపి, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టండి. మూడు నాలుగు గంటలు నీళ్లు వాడొద్దు. ఫ్లష్ ట్యాంకు కారడం లేదని కూడా చూసుకోండి. మట్టం తగ్గితే కుళాయి లైన్‌లో లీకున్నట్టే. తగ్గకుండా, స్నానాలు అయ్యాకే చెమ్మ పెరుగుతుంటే డ్రైనేజీ వైపు చూడాలి.

తర్వాత నేల తడవకుండా, రంగు కలిపిన బకెట్ నీళ్లు నేరుగా ట్రాప్‌లో పోయండి. గోడ మీద ఆ రంగు కనిపిస్తే లీకు ట్రాప్‌లోనో పైపులోనో ఉంది. రంగు ఊరడానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు. నేల తడిసినప్పుడే చెమ్మ వస్తుంటే టైల్స్ సందులు కారణం కావచ్చు. అప్పుడు గోడ పగలగొట్టే పనే లేదు.

బాగుచేసే పద్ధతి

గోడలో కరెంటు వైరింగ్ ఉంటుంది, మెయిన్ ఆపాకే ఉలి పెట్టాలి. నీరు కిందికి జారుతుంది కాబట్టి మచ్చ పైభాగం నుంచి వెతకండి. ఎక్కువగా ఎల్బోలు, జాయింట్ల దగ్గరే లీకులుంటాయి.

పీవీసీ పైపైతే పగిలిన ముక్కను రెండు వైపులా కోసి తీసేయాలి. పైపు రెండు కొసలూ గోడలో బిగుసుకుని ఉంటాయి కాబట్టి లోపల గట్టు లేని రిపేర్ కప్లర్ కావాలి. కొసలు తుడిచి పూర్తిగా ఆరాక సొల్యూషన్ పూసి, కప్లర్‌ను కొంచెం తిప్పుతూ జరిపి కాసేపు పట్టుకోవాలి. ఒక రోజు నీళ్లు పోయకపోతే మంచిది. పైపైన పుట్టీ లాంటి సీల్ రాయడం తాత్కాలికమే. పాత ఇనుప పైపు తుప్పు పట్టి ఉంటే ఆ భాగం మొత్తం మార్పించడమే మేలు.

మేస్త్రీ తొందరపెట్టినా, నాలుగైదు బకెట్లు పోసి జాయింట్ పొడిగా ఉందని మీ కళ్లతో చూశాకే ప్లాస్టరింగ్ చేయించండి. గోడ పూర్తిగా ఆరాకే పెయింట్. రెండిళ్లకు ఉమ్మడి గోడైతే పగలగొట్టే ముందే పక్కింటివాళ్లతో ఒక మాట చెప్పండి.