చెట్ల రంగులతో చిత్రరచన: మైసూరు చెక్క పొదుగుడు కళ

వేర్వేరు జాతుల చెక్కలను చిన్న ముక్కలుగా కోసి, ఒక పలకలో పొదిగి చిత్రాన్ని రూపొందించే కళకు కర్ణాటకలోని మైసూరు ప్రసిద్ధ కేంద్రం. ‘మైసూరు రోజ్‌వుడ్ ఇన్‌లే’ పేరిట ఈ హస్తకళకు 2005-06లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఏనుగుల ఊరేగింపులు, పల్లె దృశ్యాలు, దేవతామూర్తులు ఇందులో తరచుగా కనిపించే ఇతివృత్తాలు.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు తెల్లని పొణికి చెక్క ఆధారం. వాటికి వన్నె తెచ్చేది పైన పూసే రంగు. మైసూరు పనిలో రంగు ప్రధానంగా చెక్కదే. నేపథ్యంగా నిలిచే ముదురు గోధుమ, ఊదా చారల చెక్క రోజ్‌వుడ్. తెలుగులో దీనినే జిట్రేగి, ఇరుగుడు అంటారు. పసుపు కావలసిన చోట పనస, నలుపునకు నల్ల తుమికి, లేత వన్నెకు రబ్బరు చెట్టు చెక్క వంటివి ఉపయోగపడతాయి.

పని కాగితంపై గీసిన బొమ్మతో మొదలవుతుంది. బొమ్మలోని ప్రతి భాగానికి తగిన చెక్కను ఎంచుకొని, ఆ ఆకారాన్ని దానిపైకి దించి, సన్నని రంపంతో కోస్తారు. ఎంపికలో రంగుతో పాటు చెక్కలోని చారలూ ముఖ్యమే. అడ్డంగా సాగే చారలు నీటి అలలను, వంపు తిరిగిన చారలు కొండ వాలును స్ఫురింపజేస్తాయి. పలకపై అదే కొలతతో లోతు తవ్వి, ముక్కలను జిగురుతో అమరుస్తారు. ఆరిన తరువాత ఉపరితలాన్ని చదునుగా గీకి, గరుకు కాగితంతో రుద్ది, మెరుగు పెడతారు. చెక్క ముందుగా బాగా ఆరి ఉండాలి. తేమ మిగిలితే ముక్కలు కుదించుకుపోయి అతుకులు విచ్చుకుంటాయి.

ఇటువంటి కళ ఐరోపాలోనూ వర్ధిల్లింది. ఇటలీలో దీనిని ఇంటార్సియా అంటారు. 15వ శతాబ్దంలో ఉర్బినో పాలకుడు ఫెదెరిగో ద మాంటెఫెల్ట్రో తన పఠన మందిరం గోడలను చెక్క చిత్రాలతో అలంకరింపజేశాడు. గుబ్బియోలోని ఆయన మరో పఠన మందిరం ప్రస్తుతం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

మైసూరులో ఒకప్పుడు తెలుపు వన్నెకు ఏనుగు దంతమే ప్రధానం. 1897 అగ్నిప్రమాదం తరువాత పునర్నిర్మాణం ప్రారంభమై 1912లో పూర్తయిన మైసూరు రాజప్రాసాదంలో దంతం పొదిగిన రోజ్‌వుడ్ తలుపులను సందర్శకులు నేటికీ చూడవచ్చు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ భారతీయ ఏనుగు దంతాల వ్యాపారాన్ని, 1991 నాటి సవరణ దిగుమతి చేసుకున్న ఆఫ్రికా దంతాల వ్యాపారాన్ని నిషేధించాయి. దంతం స్థానాన్ని లేత రంగు చెక్కలు ఆక్రమించాయి. ఏనుగు ఈ చిత్రాలలో ఇతివృత్తంగా నిలిచింది, ముడిసరుకుగా తొలగిపోయింది.

తరువాతి పరీక్ష రోజ్‌వుడ్‌కే ఎదురైంది. నిదానంగా ఎదిగే ఈ చెట్టును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ప్రమాదానికి లోనయ్యే జాతిగా గుర్తించింది. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద రోజ్‌వుడ్ ప్రజాతి అంతటికీ 2017 జనవరి 2 నుంచి నియంత్రణ అమలులోకి వచ్చింది. ఎగుమతికి అనుమతి పత్రం తప్పనిసరి కావడం చిన్న వస్తువులు చేసే హస్తకళాకారులకూ భారమైంది. ఒక్కో రవాణాలో 10 కిలోల వరకు రోజ్‌వుడ్ ఉన్న తయారీ వస్తువులకు 2019లో మినహాయింపు లభించింది.

కాలం కూడా ఈ చిత్రాలను మారుస్తుంది. వెలుతురు తగిలే కొద్దీ పనస చెక్క పసుపు క్రమంగా గోధుమ వన్నెకు తిరుగుతుంది. అందువల్ల ఇటువంటి చిత్రాలను నేరుగా ఎండ పడే గోడకు, తేమ చేరే చోటికి దూరంగా ఉంచడం మేలు. రంగు వెలిస్తే కుంచెతో మళ్లీ పూయడానికి ఇందులో వీలు లేదు. చెట్టు ఇచ్చే వన్నెయే ఇక్కడ రంగు కనుక, ఒక జాతి చెట్టు అడవిలో తరిగిపోతే కళాకారుని చేతిలో ఒక రంగు తగ్గినట్టే. నాటిన రోజ్‌వుడ్ మొక్క కోతకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఈ కళ భవిష్యత్తు కళాకారుని నైపుణ్యంతో పాటు ఆ నిరీక్షణపైనా ఆధారపడి ఉంది.