డిజిటల్ రుణ యాప్‌ల సూచిక

డిజిటల్ రుణ యాప్‌ల సూచిక అనునది భారతదేశంలో మొబైల్ ఫోను ద్వారా అప్పులు ఇప్పించే యాప్‌ల పట్టిక. భారతీయ రిజర్వు బ్యాంకు దీనిని 2025 జూలై 1 నుండి తన వెబ్‌సైటులో ప్రజలకు అందుబాటులో ఉంచింది. ఏ యాప్ వెనుక ఏ బ్యాంకు లేదా ఏ బ్యాంకింగేతర ఆర్థిక సంస్థ ఉన్నదో తెలుసుకొనుటకు ఇది ఉపకరిస్తుంది.

నేపథ్యం

2020లో కోవిడ్ వలన ఉపాధి దెబ్బతిన్న రోజులలో, పూచీకత్తు లేకుండా నిమిషాలలో అప్పు ఇచ్చే యాప్‌లు తెలంగాణలో విస్తరించాయి. వాయిదా తప్పినవారి ఫోనులోని బంధుమిత్రులందరికీ సందేశాలు పంపి పరువు తీయుట వీటి వసూలు పద్ధతి. ఈ వేధింపులు భరించలేక 2020 డిసెంబరులో రాష్ట్రంలో కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు నమోదు చేసి పలువురిని అరెస్టు చేశారు. రిజర్వు బ్యాంకు 2021 జనవరి 13న ఈ విషయమై అధ్యయన బృందాన్ని నియమించింది. 2022 సెప్టెంబరు 2న మార్గదర్శకాలు, 2025 మే 8న సమగ్ర ఆదేశాలు వెలువడ్డాయి. ఆ ఆదేశాల ప్రకారమే సూచిక ఏర్పడినది.

పరిమితులు

సూచికలోని వివరాలను రుణ సంస్థలే సమర్పిస్తాయి. రిజర్వు బ్యాంకు వాటిని ఉన్నవి ఉన్నట్లుగా ప్రచురిస్తుంది. కావున అందులో పేరున్నంత మాత్రాన ఆ యాప్ మంచిదని గాని, వడ్డీ తక్కువని గాని రిజర్వు బ్యాంకు హామీ ఇచ్చినట్లు కాదు. పేరు లేని యాప్‌ను మాత్రం అనుమానించవలెను. అసలు యాప్‌ల పేర్లను పోలిన పేర్లతో నకిలీవి కూడా వస్తుంటాయి కనుక అక్షరం అక్షరం సరిచూచుకొనుట మేలు.

అప్పుకు ముందు చూడవలసినవి

* వార్షిక శాతం రేటు: ఖర్చులన్నీ కలిపిన ఈ రేటును, ఇతర షరతులను రుణ సంస్థ ముందుగానే ముఖ్యాంశాల పత్రంలో తెలుపవలెను. ఉదాహరణకు, 5,000 రూపాయల అప్పులో రుసుము పోగా చేతికి 3,500 వచ్చి, వారంలో 5,000 కట్టవలసివస్తే, వారానికే భారం సుమారు 43 శాతం అవుతుంది.
* అనుమతులు: ఫోనులోని పరిచయాల జాబితా, ఫోటోలు, కాల్ వివరాలు యాప్ అడుగరాదు.
* వెనుకకు ఇచ్చే గడువు: కనీసం ఒక రోజు ఉండవలెను. ఆ లోపున అసలు, ఆ కాలపు వడ్డీ, ముందే తెలిపిన స్వల్ప రుసుము ఉంటే అది చెల్లించి అప్పు వదలుకొనవచ్చును.

ఫిర్యాదులు

ముందుగా రుణ సంస్థకు వ్రాయవలెను. 30 రోజులలో పరిష్కారం లభించనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. ఇది ఆన్‌లైన్‌లోనే సాధ్యం కనుక జహీరాబాద్ వంటి పట్టణాల వారు హైదరాబాదు వెళ్ళనవసరం లేదు. మోసం జరిగినచో వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. బెదిరింపులు వచ్చినచో స్థానిక పోలీసులకు తెలుపవలెను.