గుంజాల అక్షరం: చేతిరాత నుంచి ఫోన్ తెర దాకా



గోండులకు భాష ఉంది గానీ లిపి లేదనే మాట మనం ఎన్నోసార్లు విన్నాం. అది తప్పని ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలోని చేతిరాత పుస్తకాలు చెప్పాయి. 2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని లోకానికి చూపింది. అప్పటికి ఆ లిపిని చదవగలిగిన పెద్దలు కొద్దిమందే మిగిలారు.

పాత పుస్తకంలోని అక్షరం మన ఫోన్‌లోకి రావాలంటే రెండు పనులు జరగాలి. ఒకటి లెక్క, రెండోది కళ. కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, సంఖ్యే తెలుసు. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న సంఖ్యను ఇచ్చే పట్టికే యూనికోడ్. ఆ సంఖ్యకు తెరపై ఏ రూపం కనిపించాలో గీసేవాడు కళాకారుడు. ఆ రూపాల కూర్పే ఫాంట్. చేతిరాతలో ఒక్కొక్కరి వంపు ఒక్కో తీరు. వాటిలో ఏ వంపు అక్షరానికి ప్రాణం, ఏది రాసినవారి అలవాటు అని తేల్చాలంటే ఆ లిపి తెలిసిన పెద్దల పక్కన కూర్చోవాలి.

తెలుగుకు 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే చోటు దక్కింది. మున్షీ మంగళ్ సింగ్ మసరాం 1918లో రూపొందించిన మరో గోండి లిపి 2017లో చేరింది. మన గుంజాల లిపి 2018 జూన్‌లో, అంటే తెలుగు తర్వాత 27 ఏళ్లకు, 63 గుర్తులతో చేరింది. ఆ పట్టికలో మన హల్లులు క, ఖ, గ అని మొదలుకావు. య, వ, బ, భ, మ అని మొదలవుతాయి. లెక్కల పట్టికలోనూ మన వరుస మనకే ఉంది.

అయితే సంఖ్య దొరికినంత మాత్రాన లిపి బతకదు. 2011 జనగణనలో గోండి తమ మాతృభాష అని చెప్పినవారు 29 లక్షలకు పైనే. అయినా మనం ఒకరికొకరం పంపుకునే సందేశాల్లో ఈ అక్షరాలు ఎన్ని? నోటో ఫాంట్లలో గుంజాల గోండికి ఉచిత ఫాంట్ ఉంది. దాన్ని దించుకుందాం. దండారి పాటలనూ, కీక్రి మీద ప్రధాన్లు పాడే కథలనూ ఈ లిపిలో ఎక్కిద్దాం. బొమ్మలు వేసే చెల్లెళ్లు, తమ్ముళ్లు మరో ఫాంట్ గీయాలి. తెలుగుకు ఎన్నో ఫాంట్లు ఉన్నాయి. మన అక్షరానికీ ఎన్నో ముఖాలు ఎందుకుండకూడదు?

ఈ పని మొదలుపెట్టే ముందు పెద్దల దగ్గర య, వ, బ దిద్దుకుందాం. వాళ్ల చేతిలోని వంపు ఏ పట్టికలోనూ లేదు.