సంతకం పెట్టేశాడంట, ఇంక బెయిలు రాదా?

ఈసారి మన బడి గురించో, గుడి గురించో కాదు, ఒక చట్టం చరిత్ర రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల ఒక తల్లి మన సంఘం ఆఫీసుకొచ్చింది. కొడుకు లారీ క్లీనరు. గంజాయి బస్తాలతో ఒక లారీ దొరికింది. ఆ రోజు కుర్రాడు ఆ లారీలో లేడు. దొరికిన డ్రైవరు ఇతని పేరు చెప్పాడు. "ఒప్పుకున్నట్టు సంతకం పెట్టేశాడంట బాబూ. ఇంక పదేళ్ళేనని అందరూ అంటున్నారు" అని ఏడ్చింది. ఆ "అందరూ" అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో వెతికితే ఈ వ్యాసం తయారైంది.

మన తాతల కాలంలో, అంటే గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, గంజాయి లైసెన్సు మీద అమ్మే సరుకు. 1893-94లో తెల్లదొరల ప్రభుత్వం దానిమీద ఒక కమిషనే వేసింది. పూర్తిగా నిషేధించడం మంచిది కాదని ఆ కమిషన్ తేల్చింది. 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చాక మన దేశం మీద ఒత్తిడి మొదలైంది. చివరికి 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం చేశారు. అదే ఏడు నవంబరు 14న అమల్లోకి వచ్చింది. పెద్ద నేరాలకు కనీస శిక్షే పదేళ్ళు.

అయినా మొదట్లో బెయిలుకు ప్రత్యేకమైన అడ్డు లేదు. ఆ అడ్డు 1989లో వచ్చింది. 37వ సెక్షన్‌ను మార్చి రెండు షరతులు పెట్టారు. నిందితుడు నేరం చెయ్యలేదని నమ్మడానికి తగిన కారణాలు జడ్జికి కనబడాలి. బయటికెళ్ళి మళ్ళీ నేరం చెయ్యడనీ అనిపించాలి. ఆలోచించండి, విచారణ మొదలవకముందే ఒక పేదవాడు తాను నిర్దోషినని ఎలా చూపించగలడు?

2001 సవరణతో కొంత ఊరట దొరికింది. సరుకును తూకాన్నిబట్టి విడగొట్టారు. గంజాయి అయితే కిలో వరకు చిన్న మొత్తం, ఇరవై కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. 37వ సెక్షన్ షరతులు ముఖ్యంగా ఈ రెండో రకానికే మిగిలాయి. అందుకే తూకం అంత కీలకం. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలే. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. అన్నీ కలిపి తూచారా, విడదీసి తూచారా అన్నది ప్లీడరు తప్పక అడగాల్సిన ప్రశ్న.

ఇక సంతకం సంగతి. ఈ చట్టం కింద దర్యాప్తు అధికారులు 67వ సెక్షన్ ప్రకారం రాయించుకున్న వాంగ్మూలాలను ఏళ్ళ తరబడి నేరాంగీకారంగా వాడారు. 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దానికి తెరదించింది. ఆ అధికారులూ పోలీసులతో సమానమే, కాబట్టి వాళ్ళ ముందు ఒప్పుకున్నాడని శిక్ష వెయ్యడం కుదరదని చెప్పింది. ఆ తీర్పు ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు మరోవైపుగా వచ్చింది.

2023 మార్చిలో మహమ్మద్ ముస్లిం కేసు వచ్చింది. ఆ కుర్రాడు ఏడేళ్ళకు పైగా విచారణ ఖైదీగానే ఉన్నాడు. 37వ సెక్షన్‌ను అక్షరాలా పట్టుకుంటే ఎవరికీ బెయిలు రాదనీ, పైపైన చూస్తే సాక్ష్యం ఎలా ఉందో, విచారణ ఎంత ఆలస్యమైందో చూడాలనీ కోర్టు చెప్పి బెయిలిచ్చింది. అదే ఏడు జులైలో మన ఒడిశా కేసే, రవి ప్రకాశ్‌ది. లారీలో 247 కిలోల గంజాయి. మూడున్నరేళ్ళకు పైగా జైలు. పంతొమ్మిది మంది సాక్షుల్లో విచారించింది ఒక్కరినే. అంత తూకం ఉన్నా, ఏళ్ళ తరబడి జైల్లో ఉంచడం రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని బెయిలిచ్చారు.

గంజాయిని వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోకండి. కోరాపుట్, మల్కనగిరి కొండల నుంచి వచ్చే ఆ సరుకు మన పిల్లల్నీ పాడుచేస్తోంది. కానీ బెయిలంటే కేసు కొట్టేసినట్టు కాదు, విచారణ ఎలాగూ జరుగుతుంది. పండించేవాడూ, డబ్బు పెట్టేవాడూ దొరకరు. దొరికేది క్లీనరు.

ఆ తల్లికి నేను చెప్పింది ఇంతే: "అమ్మా, ఆశ వదులుకోకు. జైల్లో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వం ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. ఎఫ్‌ఐఆర్, జప్తు జాబితా, ల్యాబు రిపోర్టు తెప్పించుకో." కాగితాలు ఒడియాలో ఉన్నాయని ఆమె భయపడింది. చదివిపెట్టడానికి మన సంఘంలో మనుషులున్నారు కదా! ఆ కాగితాల్లో కుర్రాడి మీద డ్రైవరు మాట తప్ప ఇంకేం కనబడలేదు. బెయిలు దరఖాస్తు వేశారు, ఇంకా తేలలేదు.

"ఇంక రాదు" అని ఇంకో తల్లికి మీరెవరూ చెప్పకండి. మన దగ్గరికి పంపండి.