కరువులో నీటి కట్టుబాట్లు: నీరడి వైపు నుంచి చరిత్ర

2002లో వానలు మొహం చాటేసినప్పుడు నేను బడికి పోయే పిల్లవాణ్ణి. మా ఊరి చెరువు నెర్రెలు వారింది. బోర్లు ఒకటొకటే ఎండిపోయాయి. పంచాయతీ ముందు పెద్దమనుషులు కూచొని కట్టుబాటు చేసిండ్రు: ట్యాంకరు వచ్చిన రోజు ఇంటికి నాలుగు బిందెలు, బర్రెలు కడగరాదు, మంచినీళ్ల బోరు పక్కన ఎవరూ మోటరు వెయ్యరాదు. ఊరంతా తిరిగి ఈ సంగతి చాటింపు వేసింది మా వాడ మనిషే. ట్యాంకరు మాత్రం ముందు ఊళ్లో ఆగేది. మా వాడకొచ్చే సరికి పైపులో నీళ్లకంటే గాలే ఎక్కువ వచ్చేది. ఇంటికి నాలుగు బిందెలన్న లెక్క మా వాడ మొదట్లోనే తెగిపోయేది.

మా తాత నీరడి. ఆ రోజు ఖాళీ బిందెతో తిరిగొచ్చిన మా అవ్వతో ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఊరందరికీ నీళ్లు పంచినోన్ని, నా ఇంటికి నేను పంచుకోలేకపోతినే." ఆ మాటను చరిత్ర ప్రశ్నగా అడగడమే ఈ వ్యాసం పని. కరువులో నీటిని పొదుపు చేసే ఊరి కట్టుబాట్లను ఈ మధ్య చాలామంది మెచ్చుకుంటున్నారు. పర్యావరణవేత్తలు వాటిని సంప్రదాయ జ్ఞానం అంటున్నారు. ఆ జ్ఞానం ఎవరిది? ఆ కట్టుబాటును రాత్రింబగళ్లు కాపాడింది ఎవరు? దాని ఫలం తిన్నది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకూ ఒకే జవాబు రాదు. చిక్కంతా అక్కడే ఉంది.

తైబందీ, దామాషా

తెలంగాణ చెరువుల కింద రెండు పంటలు: ఆబీ, తాబీ. ఆబీ వానకాలం పంట, తాబీ ఎండాకాలం పంట. తాబీకి ముందు చెరువులో ఎంత నీరుందో చూసి, అది ఎన్ని ఎకరాలకు పారుతుందో లెక్కగట్టి, ఏ తూము కింద ఏ మడులకు నీళ్లివ్వాలో తేల్చడాన్ని తైబందీ అంటారు. నీళ్లు తక్కువైన ఏడు తైబందీ తగ్గుతుంది. నీళ్లు మరీ తక్కువైతే తాబీయే ఉండదు, ఉన్న నీళ్లు పశువులకు, మనుషులకు. నీళ్లు ఇచ్చే చోట కూడా వంతులుంటాయి. ఇవాళ ఈ కాలువకు, రేపు ఆ కాలువకు. వంతు కానోడు రాత్రిపూట గండి కొడితే తప్పు కట్టాలి.

దక్షిణ భారతంలో కొన్ని చోట్ల దామాషా పద్ధతి కూడా నడిచింది. కరువు ఏడు ఆయకట్టు మొత్తం పారదు కనుక తూముకు దగ్గరగా ఉన్న భూమిలోనే పంట పెడతారు. ఆ భూమి ఎవరిదైనా సరే, ఆ ఏటికి ఆయకట్టు రైతులందరూ తమ తమ భూమిని బట్టి అందులో పాలు తీసుకుంటారు. చివరి మడి రైతు కూడా నాలుగు గింజలు తింటాడు. నిజంగానే ఇది తెలివైన కట్టుబాటు, దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు.

కానీ దామాషా అంటే ఏమిటి? ఉన్నదాన్ని బట్టి పాలు. పదెకరాలున్నోడికి పదెకరాల పాలు, ఎకరమున్నోడికి ఎకరం పాలు. మరి ఏమీ లేనోడికి? సున్నాకు దామాషా సున్నే. ఊరి కట్టుబాటు రైతుకు రైతుకు మధ్య న్యాయం చేసింది గానీ ఊరికీ వాడకూ మధ్య న్యాయం చెయ్యలేదు. పైగా ఆయకట్టు ఎండిన ఏడు ముందు పోయేది కూలి. పంట పోయిన రైతు ఇంట్లో పాత గింజలన్నా ఉంటాయి, నాట్లు లేని ఏడు కూలోడి ఇంట్లో పొయ్యి వెలగదు. తైబందీ ఎన్ని ఎకరాలు తగ్గితే వాడలో అన్ని పూటల తిండి తగ్గినట్టు. ఆ లెక్క ఏ పట్వారీ దస్త్రంలోనూ రాయలేదు.

నీరడి ఎందుకు దళితుడే అయ్యాడు?

కట్టుబాటు చేసేది పటేలు, పట్వారీ, పెద్ద రైతులు. దాన్ని నడిపించేది నీరడి. రాయలసీమలో ఇతన్ని నీరుగంటి అంటారు, తమిళనాడులో నీర్‌కట్టి. చాలా ఊళ్లలో ఈ పని దళితులదే. తూము ఎత్తడం, దించడం, కాలువల వెంట తిరిగి మడి మడికీ నీళ్లు మళ్లించడం, వాన రాత్రి కట్ట మీద కాపలా కాయడం, మత్తడి దుంకే ముందు ఊరిని లేపడం, అన్నీ అతనే చెయ్యాలి. ఏ మడి ఎంత తాగుతుంది, ఏ నేల ఎన్ని రోజులు తేమ పట్టుకుంటుంది, చెరువులో ఇంకెన్ని తడులకు నీళ్లున్నాయి అన్నది కాగితం లేకుండా చెప్పగలిగేవాడు. సంప్రదాయ జ్ఞానం అని పుస్తకాలు పేరు పెట్టింది ఈ మనిషి తలకాయలో ఉన్నదానికే. ఇందుకు ప్రతిఫలంగా కళ్లం దగ్గర మేర, కొన్ని చోట్ల కొంచెం మాన్యం భూమి. మేర అంటే హక్కు అని మనం అనుకుంటాం. కళ్లం కాడ చేతులు కట్టుకొని నిలబడితే తప్ప అది రాలేదు.

నీరడి పని దళితులకే ఎందుకిచ్చారు? చెరువుల మీద రాసినవాళ్లు తరచూ చెప్పే జవాబు ఒకటుంది. ఆయకట్టులో భూమి లేనివాడు గనుక ఎవరి వైపూ మొగ్గడు, నిష్పక్షపాతంగా పంచుతాడు అని. పైకి ఇది పొగడ్తలా కనిపిస్తుంది. తరచి చూస్తే, భూమి ఇవ్వకపోవడమే అతని నిజాయితీకి పూచీ అయింది. మడి లేనోడికే మడులకు నీళ్లు పంచే పని. అతనికి అధికారం కూడా లేదు. వంతు తప్పిన దొర మడికి నీళ్లు ఆపితే నీరడికి దెబ్బలు, ఆపకపోతే కింది రైతుల తిట్లు. "కట్టుబాటు ఊరిది, తిట్లు నాయి" అనేవాడు మా తాత. నీరడి నిష్పక్షపాతి అన్న మాటను ఇక మీదట మనం ఈ అనుభవంతో కలిపి చదవాలి.

మంచినీళ్ల కాడ ఇంకో కట్టుబాటు

సాగునీటి మీద ఆంక్ష కరువు ఏడు వస్తుంది, వాన పడితే పోతుంది. దళితులకు మంచినీటి మీద ఆంక్ష ఏ కాలంలోనూ పోలేదు. ఊరి చేదబావిలో మన బొక్కెన పడకూడదు. గట్టు కింద నిలబడి ఎవరైనా పోస్తే దోసిలి పట్టాలి. మామూలు ఏడాదిలో వాడ బావితోనో వాగు చెలిమెతోనో కాలం గడుస్తుంది. కరువులో ముందు ఎండేది ఆ చెలిమె, లోతు లేని ఆ బావి. అప్పుడు ఊరి బావి గట్టు కిందికి పోక తప్పదు. అంటే అంటరానితనం అత్యంత కఠినంగా అమలయ్యేది కరువులోనే. చిన్నప్పుడు బడిలో బంట్రోతు వచ్చి కుళాయి తిప్పితే తప్ప తనకు దాహం తీరేది కాదని అంబేడ్కర్ రాసుకున్నారు. బంట్రోతు రాని రోజు నీళ్లు లేవు. కుళాయిలో నీళ్లున్నా ఆయనకు అది కరువే.

ఈ కట్టుబాటు మీద మొదటి పెద్ద దెబ్బ మహద్‌లో పడింది. బహిరంగ నీటి వనరులు అంటరానివాళ్లకు తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తీర్మానం నెగ్గింది. 1924లో మహద్ పురపాలక సంఘం చవదార్ చెరువును తెరుస్తున్నట్టు తీర్మానించింది. అయినా ఒక్కరూ అక్కడ నీళ్లు తాగలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచివెళ్లి ఆ నీళ్లు తాగారు. ఆ తర్వాత జరిగిన దాడి, 108 కడవల పంచగవ్యంతో చేసిన శుద్ధి మనకు తెలిసినవే. మనం తక్కువగా చెప్పుకునేది ఇంకొకటుంది. అదే ఏడాది ఆగస్టులో పురపాలక సంఘం తన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంది. చెరువు బహిరంగమైనది కాదు, మా సొంతమని సవర్ణులు కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టులో దళితుల వైపు తీర్పు రావడానికి 1937 మార్చి 17 దాకా ఆగాల్సి వచ్చింది. కాగితం మీద తెరిచిన చెరువులో దోసిలి ముంచడానికి పదేళ్ల పోరాటం పట్టింది.

మన వైపు కూడా ఇదే కథ. మద్రాసు శాసనమండలిలో 1924లో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానంతో బహిరంగ రోడ్లు, బావులు, చెరువులు అందరివీ అయ్యాయి. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. అదే ప్రభుత్వపు లేబర్ డిపార్ట్‌మెంట్ మరోవైపు వాడల్లో వేరే బావులు తవ్వించింది. ఆ బావులు దాహం తీర్చాయి, కాదనలేం. కానీ ఊరి బావి జోలికి పోకుండా సమస్యను దాటేసే దారి కూడా చూపాయి. ఈనాటికీ వాడకు వేరే బోరు, వేరే ట్యాంకు మంజూరు చెయ్యడం ఆ దారిలో నడవడమే.

కట్టుబాటు చెప్పే హక్కు ఎవరిది?

మంచినీళ్ల చెరువులో కుడితి బకెట్లు కడగకూడదు. తెలుగు నాట ఏ ఊళ్లోనైనా ఈ కట్టుబాటు ఉంటుంది, దీన్ని ఎవరూ తప్పనరు. 1985 జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు మంచినీళ్లు పట్టుకునే చెరువును కమ్మ యువకులు పశువుల కుడితితో మురికి చేస్తుంటే వాడవాళ్లు అడ్డం చెప్పారు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలు హతమయ్యారు, స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. చీరాల శిబిరం, దళిత మహాసభ ఆ నెత్తుటి నుంచే పుట్టాయి. కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 దాకా, అంటే 23 ఏళ్లు పట్టింది.

కారంచేడును మనం ఆత్మగౌరవ పోరాటంగా చదివాం, సరిగానే చదివాం. నీటి చరిత్రలో కూడా దానికి చోటివ్వాలి. సువార్త కొత్త హక్కేమీ అడగలేదు, ఊరి పాత కట్టుబాటునే గుర్తుచేసింది. అదే మాట ఒక భూస్వామి అని ఉంటే పెద్దమనిషి తీర్పు అయ్యేది. మాదిగ స్త్రీ అనేసరికి పొగరైంది. నీరడి కట్టుబాటును అమలు చెయ్యొచ్చు, కానీ ఊరి తరఫున, ఊరి హుకుం మీద. తన తరఫున తానే కట్టుబాటు చెప్పిన రోజు ప్రాణాలు పోయాయి. దళితులు వాడే నీటిని మురికి చెయ్యడం 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో నేరమైంది. ఆ మాట చట్టంలో చదివినప్పుడల్లా సువార్త బిందె గుర్తుకు రావాలి.

ఇప్పటి చట్టాలు

ఆ తర్వాత కట్టుబాటు ఊరి పెద్దమనుషుల చేతుల్లోంచి చట్టంలోకి వచ్చింది. 1996లో మంచినీటి కోసం భూగర్భజల నియంత్రణ చట్టం, 2002లో వాల్టా చట్టం వచ్చాయి. మంచినీటి బోరుకు దగ్గర్లో కొత్త బోరు వెయ్యకూడదు, అవసరమైతే కొంతకాలం మోటర్లు ఆపించవచ్చు అని వాల్టా చెప్పింది. విభజన తర్వాత తెలంగాణ కూడా దీన్ని కొనసాగించింది. మంచి చట్టమే. కానీ తహసీల్దారు దగ్గరికి పోయి "ఫలానా ఆసామి బోరుతో మా వాడ బోరు ఎండింది" అని దరఖాస్తు ఇచ్చేవాడు రేపు ఆ ఆసామి పొలంలోకే కూలికి పోవాలి. చట్టం చేసినవాళ్లు ఈ చిక్కును లెక్కలోకి తీసుకోలేదు. 1997 నీటి సంఘాల చట్టం భూమి ఉన్నవాళ్లకే ఓటిచ్చింది. తరాలుగా తూము ఎత్తిన నీరడి ఆ సంఘంలో సభ్యుడు కాలేదు.

వేరే దారి లేదా? ఉంది. 1972 కరువు తర్వాత పుణె జిల్లా పురందర్ తాలూకాలో విలాస్‌రావు సాళుంఖే మొదలుపెట్టిన పానీ పంచాయతీ నీటిని భూమిని బట్టి కాక ఇంట్లో తలలను బట్టి పంచింది. తలకు అర ఎకరానికి నీళ్లు, ఎంత పెద్ద కుటుంబమైనా రెండున్నర ఎకరాలకు మించి లేదు. చెరకు వెయ్యరాదు. భూమి అమ్మినా నీటి హక్కు దాని వెంట పోదు. అన్నిటికంటే ముఖ్యం, భూమి లేనివాళ్లకూ నీటిలో వాటా ఉంది. ఈ కట్టుబాటు దేశమంతా పాకలేదు. కానీ నీళ్లను భూమి నుంచి విడదీయడం సాధ్యమేనని అది రుజువు చేసింది.

2016లో లాతూరులో నీటి వనరుల దగ్గర గుమిగూడకుండా 144 సెక్షన్ పెట్టారు, రైలులో నీళ్లు తెచ్చారు. కరువు వస్తే సర్కారు పోలీసును కాపలా పెట్టగలదని దాంతో తెలిసింది. మరి ఆ కాపలా వాడ వంతు కోసం ఎందుకుండదు? 2015 నుంచి మిషన్ కాకతీయ కింద తెలంగాణ చెరువుల పూడిక తీశారు. కట్టలు బాగుపడిన చోట సంతోషమే. నీరడికి, భూమి లేని వాడకు ఆ నీళ్లలో ఏం హక్కుందన్న ప్రశ్న మాత్రం పూడికలోనే ఉండిపోయింది.

చెయ్యాల్సిన పని

విద్యార్థులకు, కార్యకర్తలకు, పంతుళ్లకు నా మనవి ఇది. మీ ఊరి నీరడి కుటుంబాన్ని వెతకండి. ముసలివాళ్లు బతికుండగానే వాళ్ల మాట రాసుకోండి: తైబందీ ఎలా చేసేవాళ్లు, మేర ఎంత, మాన్యం ఇప్పుడు ఎవరి పట్టాలో ఉంది, కరువు ఏడు వాడ నీళ్లు ఎక్కడ తెచ్చుకుంది. ఊళ్లో కొత్తగా నీటి కట్టుబాటు చేస్తున్నారంటే మూడు సంగతులు అడగండి. ఆ తీర్మానంలో వాడ మనిషి సంతకం ఉందా? ట్యాంకరు ముందు ఎక్కడ ఆగుతుంది? కట్టుబాటు తప్పింది పెద్ద ఆసామి అయితే తప్పు ఎవరు వేస్తారు?

మా తాత పోయి చాలా ఏండ్లయింది. చెరువు నిండి తూము ఎత్తిన రోజు ఆయన మొదటి నీళ్లకు దండం పెట్టేవాడు. ఆ నీళ్లు పారే మడుల్లో ఒక్కటీ మాది కాదు. ఆయనకు తెలిసిన విద్యను పొగిడే వ్యాసాలు ఇక చాలు. ఆ విద్యతో పాటు నీళ్లు కూడా మనవే అని చెప్పే చరిత్ర కావాలి.